తెల్లగోడయా? నీలిగోడయా?

ఇల్లు వెదకునపుడు మనము పెక్కు విషయములు విచారింతుము. అద్దె యెంత, అడ్వాన్సు ఎంత, నీరు ఏయే వేళల వచ్చును, బస్సు ఎంత దూరమున ఆగును అని అడిగి తెలిసికొందుము. గోడలకు రంగు వేయించునపుడు మాత్రము ఇంత విచారణ చేయము. దుకాణములో నిలిచి, రంగుల అట్టను చేతపట్టి, పది నిమిషములలో ఏదో యొక రంగును నిశ్చయించి వచ్చెదము. ఆ పది నిమిషముల నిశ్చయముతో నాలుగైదు సంవత్సరములు కాపురము చేయుదుము. పిల్లలు ఆ గోడల నడుమనే చదువుకొందురు. పెద్దలు ఆ గోడల నడుమనే అలసట తీర్చుకొందురు. కావున ఈ చిన్న విషయమును గూర్చి కొంత నిదానముగా ఆలోచింపవలెనని మేము తలంచితిమి. ఇది అలంకారమును గూర్చిన చర్చ అని మీరు భావింపవలదు. ఇది చదువును గూర్చిన చర్చ. నిద్రను గూర్చిన చర్చ. కొంతవరకు డబ్బును గూర్చిన చర్చ కూడ.

మన హెబ్బగోడి ఆనేకల్ తాలూకాలో, హొసూరు రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీకిని బొమ్మసంద్రకును నడుమ నున్నది. ఒకప్పుడు చిన్న గ్రామముగా నుండిన యీ ప్రదేశము చుట్టును కర్మాగారములు వెలసినవి. పని వెదకుకొనుచు తెలుగువారును, తమిళులును, ఉత్తరదేశీయులును వచ్చి ఇచ్చటి కన్నడిగుల చెంత నివాసము లేర్పరచుకొనిరి. 2025 ఆగస్టు 10వ తేదీన మెట్రోరైలు పసుపు మార్గము ప్రారంభమై, ఆర్.వి. రోడ్డు మొదలు బొమ్మసంద్ర వరకు బండ్లు నడచుచున్నవి. మన యూరి పేరను ఒక స్టేషను కూడ ఏర్పడినది. జనము పెరిగిన కొలది ఇండ్లు ప్రక్కకు గాక పైకి పెరుగుచున్నవి. ఒక మేడకును మరియొక మేడకును నడుమ చేయి చాపినంత సందు మాత్రమే యుండుట సామాన్యమైనది. అట్టి ఇంటిలో కిటికీ తెరచినచో కనబడునది ఆకాశము కాదు, పొరుగింటి గోడ. పట్టపగలు కూడ దీపము వెలిగింపవలసిన గదులలో మన పిల్లలు పెక్కుమంది పుస్తకములు తెరచుచున్నారు. మా చర్చకు ఈ గదియే ఆధారము. విశాలమైన తోటల నడుమ నున్న బంగళాలను గూర్చి మేము మాటలాడుట లేదు.

ఇట్టి యింటికి రంగు వేయవలసివచ్చినపుడు తరచుగా రెండు పక్షము లేర్పడుచున్నవి. తాతమ్మలు, తల్లులు తెలుపునే కోరుదురు. మరీ కాదన్నచో మీగడ రంగునకు ఒప్పుకొందురు. కుమారులు, కుమార్తెలు ముదురు నీలము కావలెనందురు. ప్రకటనలలోను, చేతిలోని ఫోనులోను వారు చూచు అందమైన గదులలో ఒక గోడయైనను చిక్కని నీలముతో నుండును. ఒక పక్షము వారికి తెలుపు పాతకాలపుది. రెండవ పక్షము వారికి నీలము చీకటి. రెండు పక్షముల మాటలోను కొంత నిజము గలదు. దానిని వేరుచేసి చూపుటయే మా ఉద్దేశము.

మొదట తెలుపును గూర్చి చెప్పుదుము. మన పెద్దలకు గోడ తెలుపనగా సున్నమే. సంక్రాంతికి గాని, ఉగాదికి గాని, ఇంటిలో శుభకార్యమునకు గాని ముందు వెల్ల వేయుట తెలుగునాట తరతరముల వాడుక. సున్నపురాతిని బట్టీలో కాల్చగా సున్నము లభించును. దానిపై నీరు పోసినచో బుసబుస పొంగి, వేడిమిని వెడలించి, మెత్తని పిండియగును. ఆ పిండిని నీటిలో కలిపి, గుడ్డతో వడకట్టి, పట్టు నిలుచుటకు కొంచెము గంజియో, తుమ్మబంకయో చేర్చి, నారకుంచెతో గోడకు పూయుదురు. రసాయనశాస్త్రము చదువు విద్యార్థు లిందు తమ పాఠమునే చూడగలరు. కాల్చిన సున్నము కాల్షియం ఆక్సైడు. నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడు అగును. గోడమీద ఆరునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా, అనగా తిరిగి సున్నపురాతి పదార్థముగానే మారును. పూసిన వెంటనే మాసినట్లు కనబడు వెల్ల ఆరిన పిమ్మట కొన్ని దినములకు మెరయుటకు ఇదియు నొక కారణము. సున్నమునకు క్షారగుణ ముండుటచే తేమగోడలపై బూజు త్వరగా పట్టదు. అయితే ఆ క్షారమే కంటికి మిక్కిలి ప్రమాదకరము. వెల్ల కలుపు చోటికి చిన్నపిల్లలను రానీయరాదు.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపుడు. వెల్లలో మన పెద్దలు చిటికెడు నీలిమందు కలుపుచుండెడివారు. ఉతికిన పంచెలకు పెట్టు నీలిమందే యిది. సున్నపు తెలుపులో సహజముగా కొంత పసుపు జీర యుండును. నీలము ఆ పసుపు జీరను అణచివేయును. అపుడు తెలుపు మరింత తెలుపుగా కనబడును. ఈ నీలవర్ణము ఒకప్పుడు అఫ్గన్ దేశపు బదక్షాన్ గనులలోని రాతినుండి తీయబడుచు మిక్కిలి విలువైనదిగా నుండెను. 1820 దశకములో ఫ్రాన్సు దేశమున గిమే అను రసాయనజ్ఞుడు దానిని కృత్రిమముగా తయారుచేయు విధమును కనుగొనిన పిమ్మట చౌకయై, మన చాకిరేవులకును వెల్లకుండలకును చేరినది. కావున తెలుపు, నీలము పుట్టు శత్రువులు కావు. ఎంత పాలు, ఏ చోట అనునదే ప్రశ్న.

తెలుపునకు లోపములు లేవా? కలవు. చేతులు తగిలిన చోట, తల ఆనించి కూర్చున్న చోట, వంటపొగ సోకిన చోట మరకలు పడును. సున్నమైనచో బట్టలకు అంటును. నేటి గొట్టపు దీపముల క్రింద స్వచ్ఛమైన తెలుపు కొంత చలిగా, ఆసుపత్రి గదివలె తోచునని కొందరందురు. ఆ మాటను కొట్టివేయలేము. నూనెరంగుతో అద్దమువలె మెరయునట్లు పూసిన తెల్లగోడ దీపమును ప్రతిబింబించి కంటికి బాధ కలిగించును. ఈ లోపములను దాచి తెలుపును పొగడుట న్యాయము కాదు.

ఇక నీలము మాట. ముదురు నీలము కంటికి ప్రశాంతముగా నుండునని అనేకులు అనుభవపూర్వకముగా చెప్పుచున్నారు. మరకలు త్వరగా కనబడవు. నీలిగోడమీద తగిలించిన తెల్లని పటము, ఇత్తడి దీపము, మల్లెపూల దండ మిక్కిలి శోభించును. అన్నింటికంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. బొమ్మసంద్ర, జిగణి ప్రాంతముల కర్మాగారములలో పనిచేయువారిలో పెక్కురు రాత్రి పాళీకి పోయి తెల్లవారిన పిమ్మట ఇంటికి వచ్చి పగలు నిద్రించువారు. వారికి వెలుతురు శత్రువు. ముదురు గోడలుగల గదిలో పగటి వెలుతురు కొంత అణగియుండును గావున నిద్ర పట్టుట సులభము. నీలము కోరువారందరు కేవలము వేడుకకే కోరుచున్నారని భావించుట తప్పు.

ఇప్పుడు లెక్కకు వత్తము. గోడ తనపై పడిన వెలుతురులో కొంత త్రాగివేయును. మిగిలినది తిరిగి గదిలోనికి పంపును. క్రొత్తగా వేసిన తెలుపు సుమారు నూటికి 80 పాళ్లు తిరిగి పంపును. మీగడ రంగు సుమారు 70 పాళ్లు పంపును. ముదురు నీలము 10 పాళ్లకు మించి పంపుట అరుదు. ఇచ్చటితో నిలిచినచో భేదము ఎనిమిది రెట్లు మాత్రమే. కాని వెలుతురు ఒక గోడకు తగిలి ఊరకుండదు. ఎదుటి గోడకు పోవును, అచ్చటినుండి మరల వచ్చును. దీపమునుండి 100 పాళ్లు బయలుదేరిన వనుకొందము. తెల్లగదిలో మొదటి తాకిడికి 80, రెండవ తాకిడికి 64, మూడవ తాకిడికి 51 పాళ్లు మిగులును. నీలిగదిలో మొదటి తాకిడికి 10, రెండవ తాకిడికి 1 మాత్రమే మిగులును. మూడవ తాకిడికి లెక్కకు అందదు. గుణశ్రేఢులు చదివిన విద్యార్థులు ఈ పాళ్లన్నింటిని కూడి చూడవచ్చును. అన్ని వైపుల తెలుపే యున్న గదిలో మొత్తము 500 అగును. అన్ని వైపుల నీలమే యున్న గదిలో 111 అగును. దీపము ఒక్కటే, విద్యుత్తు ఖర్చు ఒక్కటే. వెలుతురు మాత్రము నాలుగున్నర రెట్లు తేడా.

ఇది నేల, కిటికీ, బీరువా, మంచము లేని ఊహాగృహపు లెక్క. నిజమైన గదిలో ఇవన్నియు వెలుతురును త్రాగును గావున భేదము ఇంతకంటె తగ్గును. అయినను అది ఏ వైపునకు మొగ్గునో లెక్క స్పష్టముగా చెప్పుచున్నది. ఒక్క గోడకే నీలము వేసి, తక్కిన మూడు తెలుపుగా ఉంచినచో ఏమగును? నాలుగు గోడల సగటు 62½ అగును. పై విధముగనే గుణించి చూడగా 500 స్థానమున సుమారు 267 వచ్చును. ఒక్క గోడయే కదా యని మనము తేలికగా తలంతుము. గదియందలి వెలుతురు మాత్రము సగమునకు దాపుగా దిగిపోవుచున్నది. ఎండ బాగుగా వచ్చు గదికి ఈ నష్టము లెక్కలోనిది కాదు. పొరుగింటి గోడ తప్ప మరేమియు కనబడని కిటికీగల గదికి ఇది పెద్ద నష్టము.

ఒక అపోహను ఇచ్చట తొలగింపవలసియున్నది. లోపలి గోడకు ముదురు రంగు వేసిన ఇల్లు వేడెక్కునని కొందరందురు. ఎండ నేరుగా పడని లోపలిగోడ రంగువలన వేడిమిలో చెప్పుకోదగిన భేద ముండదు. వేడిమి వచ్చునది ప్రధానముగా కప్పునుండియు, ఎండ తగులు బయటిగోడలనుండియు. అందుచేతనే పై అంతస్తు కప్పునకు తెల్లని పూత వేయుట మేలు. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రత్యేకముగా చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. కప్పు ఎండను వెనుకకు పంపవలెననుటయే అందలి ముఖ్యసూత్రము. కావున నీలిగోడను వేడి పేరిట నిందింపవలదు. దానిని వెలుతురు విషయముననే పరీక్షింపవలెను.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చుచున్నది. ఒకే గదిలో తండ్రి పగలు నిద్రింపవలెను, బిడ్డ సాయంకాలము చదువవలెను. ఒకరికి చీకటి కావలెను, ఒకరికి వెలుతురు కావలెను. గోడ ఎవరి పక్షము వహింపవలెను? మా సమాధాన మిది. తెల్లని గదిని తెర వేసి చీకటి చేయవచ్చును. చీకటి గదిని తెర తీసి తెలుపు చేయలేము. కిటికీకి మందమైన ముదురు తెర యొకటి కట్టినచో తండ్రికి కావలసిన చీకటి దొరకును. ఆయన లేచిన పిమ్మట ఆ తెర తీసినచో బిడ్డకు కావలసిన వెలుతురు దొరకును. ముదురు గోడ యట్లు కాదు. అది తండ్రికి ఎనిమిది గంటలు మేలు చేసి, బిడ్డకు సంవత్సరము పొడవున కీడు చేయును. ఇంటిలోని వారిలో ఒకరికే ఉపయోగపడి, మార్చుటకు వీలుకాని దానికంటె, ఇరువురి అవసరములకు ఒదుగు దానిని ఎన్నుకొనుట వివేకము.

ఈ న్యాయమే పూతకును వర్తించును. లేతరంగు గోడను ముదురు చేయుట తేలిక. సామాన్యముగా రెండు పూతలతో పని తీరును. ముదురు నీలమును మరల తెలుపు చేయవలెనన్నచో ముందు ఒక అడుగుపూత వేసి, దానిపై రెండు మూడు పూతలు వేయవలసి యుండును. అద్దెయింటివారికి ఇది కేవలము శ్రమ కాదు, డబ్బు. ఇల్లు ఖాళీ చేయునపుడు రంగు ఖర్చు పేరిట ఒక నెల అద్దెను అడ్వాన్సునుండి తగ్గించుకొనుట బెంగళూరున పెద్ద వాడుక. గోడ ముదురుగా నున్నచో ఆ తగ్గింపుపై వాదమునకు తావిచ్చినట్లగును. ఇంటి యజమానిని అడుగక ముదురు రంగు వేయించుట ఏ విధముగను క్షేమకరము కాదు. అడిగి ఒప్పించినను, ఆ మాటను ఒప్పందపు కాగితములో వ్రాయించుకొనుట మేలు.

అయితే తెలుపే వేయుడని, నీలమును గుమ్మము దాటనీయవలదని మేము చెప్పుట లేదు. మన పెద్దలు ఈ తగవును మనకంటె ముందే చక్కగా తీర్చిరి. రాయలసీమలోను, తెలంగాణములోను పాత ఇండ్లను చూడుడు. గోడ పైభాగము సున్నపు తెలుపు. క్రింద చేతులు, కాళ్లు, వాన చినుకులు తగులు భాగము ఎర్రమన్ను పట్టె. అరుగునకు జాజు, దానిపై తెల్లని ముగ్గు. మరక పడు చోట ముదురు, వెలుగు కావలసిన చోట తెలుపు. రెండు విరుద్ధమైన రంగులకు రెండు ఉద్యోగము లిచ్చి ఒకే గోడమీద నిలిపిరి. శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయమును మీలో కొందరు చూచియుందురు. విజయనగర రాజగు అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో నిర్మింపబడిన ఆ ఆలయపు మండపముల కప్పులమీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ముఖ్యవర్ణములుగా పెద్ద చిత్రములు గలవు. చిక్కని వర్ణములు అచ్చట తలయెత్తి చూచు కప్పునకు చేరినవి. ఏ రంగును ఏ చోట నుంచవలెనో ఎరుగుటయే పనితనము.

ఈ పద్ధతిని మన గదికి ఇట్లు అనువర్తింపవచ్చును. కప్పు ఎల్లప్పుడు తెలుపుగా నుండవలెను. గోడలకు కంటికి చలిగా తోచు పచ్చి తెలుపునకు బదులు మీగడ రంగో, లేత గంధపు రంగో వేయవలెను. అది అద్దమువలె మెరయక, తడిగుడ్డతో తుడుచుటకు వీలైనదై యుండవలెను. క్రింద రెండున్నర, మూడు అడుగుల వరకు ఇటుక రంగో, మధ్యరకపు నీలమో పట్టెగా వేసినచో మరకల బాధ తీరును. బల్లమీది పుస్తకమునకు వెలుతురు పైనుండి వచ్చును గాని క్రిందనుండి రాదు. కావున బల్లయెత్తునకు దిగువనున్న పట్టె చదువునకు అంతగా హాని చేయదు. కాని మన యిండ్లలో పిల్లలు చాపపై కూర్చుండి చదువుట ఎక్కువ. చాపమీది పుస్తకమునకు ఆ క్రిందిగోడయే దాపు. అట్టివారు పట్టెను మరీ ముదురుగా వేయరాదు. చాపను కిటికీ దగ్గరకు జరుపుకొనవలెను. నీలము మీద మనసు తీరని పిల్లల కొరకు బీరువా వెనుకభాగమో, పుస్తకముల అర లోపలి భాగమో, తలుపో నీలముగా వేయింపవచ్చును. చిన్నచోట చిక్కని రంగు ఎంతయు ముచ్చటగా నుండును.

రంగు ఎన్నుకొనునపుడు దుకాణపు అట్టను నమ్మి మోసపోవలదు. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రుల్ రాజుగారి తివాచీల కర్మాగారమున అద్దకపు పనిని పర్యవేక్షించుచుండెను. నల్లనూలు సరిగా నల్లగా లేదను ఫిర్యాదును విచారించి, లోపము నూలులో లేదనియు, దాని ప్రక్కనున్న రంగులే దానిని మార్చి చూపుచున్నవనియు ఆయన గ్రహించెను. ఆ పరిశీలనలను 1839లో గ్రంథముగా ప్రకటించెను. తెల్లని అట్టమీద వేలెడంత నున్న నీలము గోడంత అయినపుడు వేరుగా కనబడుటలో ఆశ్చర్యము లేదు. కావున చిన్నడబ్బా యొకటి కొని, గోడపై రెండడుగుల చదరము పూసి, ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి దీపము క్రింద మూడు పర్యాయములు చూడుడు. చూచుటతో ఆగక, దాని దగ్గర కూర్చుండి ఒక పుట చదివి చూడుడు. మరియొక జాగ్రత్త. ఇంటిలో వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదను నిబంధనను కేంద్రప్రభుత్వము 2016లో చేయగా, అది 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు మునుపటి నూనెరంగులలో సీసము ఎక్కువగా నుండవచ్చును. అట్టి పాతపూతను పొడిగా గీకినచో లేచు ధూళి పిల్లల మెదడునకు హానికరము. తడిపి గీకవలెను, ఆ సమయమున పిల్లలను దూరముగా నుంచవలెను.

తుదకు రంగుల పేర్లను గూర్చి ఒక మాట. ఇది మన పత్రికకు ప్రత్యేకముగా చెందిన విషయము. దుకాణపు అట్టమీద పేర్లన్నియు ఇంగ్లీషున నుండును. మన పిల్లలు వానినే నేర్చుచున్నారు. తల్లులు చీరలు కొనునపుడు వాడు మాటలను ఒక్కసారి వినుడు. మీగడ రంగు, గంధపు రంగు, ఉల్లిపొర రంగు, వంకాయ రంగు, నెమలికంఠము, చిలుకపచ్చ, ఇటుక రంగు. వీనిలో ప్రతి మాటయు ఒక వస్తువును కంటి ముందు నిలుపుచున్నది. ఇట్టి మాటలు ఇంటిలో నుండగా రంగునకు పేరు లేదని చెప్పుట మనకు తగదు. అట్లే ఇరుగుపొరుగు భాషతో మనకు గల చుట్టరికమును కూడ గమనింపవలెను. మన గోడ కన్నడమున గోడె; మన సున్నము సుణ్ణ. మెట్రోరైలు పలకలను చూడుడు. ఊదామార్గమును వారు నేరళె మార్గమందురు. నేరళె యనగా మన నేరేడే. పసుపు మార్గము హళది మార్గము. ఆకుపచ్చ మార్గము హసిరు మార్గము. ఇందు ఒక మెలకువ కూడ కలదు. తెలుగున పచ్చ యనగా పసుపును కావచ్చును, ఆకుపచ్చయు కావచ్చును. కన్నడమున పచ్చె యనగా మరకతపు ఆకుపచ్చయే. తల్లి పసుపును ఉద్దేశించి పచ్చరంగు వేయుమని కన్నడిగుడగు పనివానికి చెప్పినచో గోడ ఆకుపచ్చ కావచ్చును. హళది యను ఒక్క మాట తెలిసిన బిడ్డ ఆ నష్టమును తప్పింపగలదు. రెండు భాషలు తెలిసిన బిడ్డవలన ఇంటికి కలుగు లాభము ఇట్టిది.

తల్లిదండ్రులారా, రంగు వేయించు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ గదిలో ఎవరు చదువుచున్నారు? ఏ వేళ చదువుచున్నారు? ఏ వెలుతురులో చదువుచున్నారు? సమాధానము దొరికిన పిమ్మట దుకాణమునకు పొండు. విద్యార్థులారా, నీలము కావలెనని పట్టుపట్టు ముందు మీ గదిలో వెలుతురు ఎన్ని తాకిళ్లకు ఆరిపోవునో లెక్క కట్టి పెద్దలకు చూపుడు. అందము కొరకు చేయు వాదముకంటె లెక్కతో చేయు వాదమునకు ఇంటిలో గౌరవ మెక్కువ. పగలంతయు నిద్రించు తండ్రికి మందమైన తెర యొకటి కట్టించుటయు మీరు మరువరాదు. అది గోడ రంగుకంటె తక్కువ ఖర్చుతో ముగియు పని. సెలవు వచ్చు వరకు ఆగక నేడే చేయదగిన పని.